స్పీకరు మార్చిన చెయ్యి

చిరంజీవి బుడ్డోడికి,

అమ్మ దీవెనలు. ఇంటి గుమ్మానికి తల తగిలేంత ఎదిగినా నాకు నువ్వు బుడ్డోడివే. ఇక్కడ నేనూ నాన్నా కులాసాగా ఉన్నాం. నువ్వూ కోడలూ అక్కడ కులాసా అని రాశావు. నువ్వు రాశావు కాబట్టి నమ్మాలి. నమ్మానో లేదో ఈ ఉత్తరం చదవగా చదవగా నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాన్న మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే నేను సంచీ చేతికిచ్చి బజారుకు తోలతానని ఆయన ఇంకా కుంటుతూనే ఉన్నారు. నేను ఎదురుగా లేనప్పుడు చక్కగా నడుస్తున్నారు. తలుపు సందులోంచి చూశాను. నా రిపేరు షాపు పైకప్పు కారడం ఆగింది. పక్క షాపు టైలరు అడక్కుండానే పైకెక్కి తారు పూశాడు. ఇంత మంచితనం ఎక్కడిదా అని ఆరా తీస్తే, మన నీళ్ళు గోడ దిగి అతని బట్టల బీరువాలోకి పోతున్నాయట. "నువ్వు పాలగ్లాసును కూడా నిలదీసి గానీ తాగవు" అంటారు నాన్న. అననీ. నిలదీసినందుకు నాకెప్పుడూ నష్టం రాలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. నీ గిటారు యాంప్ బాగుచేయడానికి ఎందుకింత ఆలస్యమని కదా. దానికి జవాబు పొడుగు. కూర్చుని చదువు.

"అమ్మా, దీనికి గొంతు చాలడం లేదు. నాబ్ సగం తిప్పేసరికే శబ్దం పగిలిపోతోంది. డ్రమ్ముల పక్కన నా గిటారు నాకే వినిపించడం లేదు. వాల్యూమ్ పెరగాలి, హెడ్‌రూమ్ పెరగాలి" అని రాశావు. హెడ్‌రూమ్ ఏమిటని నాన్న అడిగారు. గుమ్మం ఎత్తుగా ఉంటే పొడుగువాడు తల వంచకుండా లోపలికొస్తాడు, యాంప్‌లో జాగా ఉంటే గట్టిగా మీటిన స్వరం కూడా నలగకుండా బయటికొస్తుంది అని చెప్పాను. "అయితే గుమ్మం ఎత్తు పెంచెయ్" అన్నారు, గొళ్ళెం బిగించినంత తేలిగ్గా.

నాకు మాత్రం అక్కడే అనుమానం పుట్టింది. ఆ యాంప్ కట్టింది నేను. శబ్దాన్ని పెంచే ట్యూబులు ఒక్కొక్కటీ ఏరి పెట్టింది నేను. నువ్వు ఇంట్లో సాధన చేస్తుంటే ఎదురింటి కుక్క మంచం కింద దూరేది. అలాంటి పెట్టెకు గొంతు చాలకపోవడమేమిటి?

దాన్ని మీ బ్యాండు పాటగాడు తన వ్యానులో తెచ్చి దింపాడు. దింపి, "తొందరేం లేదాంటీ, నెమ్మదిగా చేయండి" అన్నాడు.

"వాడేమో త్వరగా కావాలని రాశాడే?"

"వాడలాగే అంటాడు. అరువు తెచ్చిన చిన్న యాంప్ ఒకటుంది. ప్రస్తుతానికి గడిచిపోతుంది."

నా వైపు చూడకుండా గోడ మీది పనిముట్లతో మాట్లాడాడు. పైగా టీ వద్దన్నాడు. మన షాపులో కూర్చుని అతను టీ వద్దనడం నేనెరగను. బాగుచేయడానికి ఇచ్చి తొందర లేదనే మనిషిని కూడా నేనెరగను.

ట్యూబులు పరీక్షించాను. నిక్షేపంలా ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరు బాగుంది. మీటరు పెట్టి చూస్తే రావలసిన పవరు వస్తోంది. అయినా పెట్టె పలకడం లేదు, జలుబు చేసినట్టు మూలుగుతోంది. వెనక పలక విప్పబోతే మరలు కొత్తవి, తళతళలాడుతున్నాయి. లోపల ఉన్నది నేను పెట్టిన స్పీకరు కాదు. అదే సైజు, అదే నలుపు, కానీ మందకొడి రకం. ఎంత పవరిచ్చినా సగం మింగి కొంచెమే పలుకుతుంది. ఇది పలకదు కాబట్టి నువ్వు నాబ్ తిప్పుకుంటూ పోతావు. ట్యూబులు తమ హద్దు దాకా వెళ్ళి శబ్దాన్ని నలిపేస్తాయి. నువ్వు రాసిన జబ్బు అచ్చంగా ఇదే.

ఎవరో కావాలనే చేశారు. ఎవరా అని ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. గిటారు గొంతు నొక్కితే ఎవరి గొంతు పైకొస్తుంది? పాటగాడిదే. టీ తాగనివాడు, కళ్ళలోకి చూడనివాడు. మన ఇంట్లో అన్నం తిన్న కుర్రాడు ఇంత పని చేశాడా అని ఒళ్ళు మండిపోయింది. అతనికి ఫోను చేసి కడిగేద్దామని చెయ్యి తుడుచుకుంటూ, పెట్టెను వదిలే ముందు స్పీకరు తీగల అతుకు వైపు ఇంకోసారి చూశాను.

తీగను స్పీకరు కొక్కేనికి రెండు చుట్లు చుట్టి, తోక కత్తిరించి, అప్పుడు టంకం పెట్టారు. బజారులో ఎవరూ అంత ఓపిగ్గా చెయ్యరు. ఆ చుట్లు నా పద్ధతి. నేను నేర్పింది ఇద్దరికే. ఒకడివి నువ్వు. రెండో మనిషి, పెళ్ళయిన కొత్తలో ఊసుపోక నా బల్ల పక్కన చేరి టంకం నేర్చుకున్న నీ భార్య.

నిజం చెబుతున్నా, పాటగాడి మీద వచ్చిన కోపం కంటే ఇది ఘోరంగా ఉంది. ఎంత మంచి అత్తనైనా అత్తనే కదా. మీ ఇద్దరికీ పడటం లేదేమో అనుకున్నాను. నీ వాయిద్యం ఆమెకు గిట్టడం లేదేమో, నీచేత మాన్పించాలని చూస్తోందేమో అనుకున్నాను. నువ్వు ఇంట్లో ఉండని వేళ చూసి ఫోను చేశాను.

"అమ్మాయ్, యాంప్ వెనక పలక విప్పాను" అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు.

"టంకం బాగుందా అత్తయ్యా?" అంది.

"టంకం బాగానే ఉంది. నీ ఉద్దేశమే బోధపడలేదు."

"మీరు ఆయనతో ఫోన్లో తీరిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

ఆమే చెప్పుకొచ్చింది. వంటింట్లో కుళాయి పారుతున్నా నువ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నావట. రోడ్డు దాటుతుంటే వెనక లారీ హారన్ కొడుతున్నా తిరిగి చూడలేదట, చొక్కా పట్టి లాగిందట. "చెవిలో ఈల మోగుతోందని ఒకసారి నోరు జారారు. డాక్టరు దగ్గరికెళ్దామంటే చెవులకేం, యాంపే సరిగ్గా లేదంటారు. రోజూ ఇంకాస్త పెంచుతారు. పెంచినకొద్దీ ఉన్నది కూడా పోతోంది అత్తయ్యా. ఆయన నా మాట వినరు. అందుకే దాని గొంతు తగ్గించాను."

"మీ పాటగాడికి తెలుసా?"

"నేను టంకం పెడుతుంటే స్పీకరు పట్టుకున్నది అతనే."

అప్పుడు నాకు నీ ఉత్తరాలు గుర్తొచ్చాయి. ఈ కాలంలో తల్లికి ఉత్తరం రాసే కొడుకు ఎవరికున్నాడని టైలరు దగ్గర, పాలవాడి దగ్గర గొప్పలు పోయాను. ఫోను మానేసి ఎందుకు రాస్తున్నాడని మాత్రం అడగలేదు. పాలగ్లాసును నిలదీసేదాన్ని, ముచ్చటగా ఉందని దీన్ని వదిలేశాను.

ఇంతసేపూ చెప్పకుండా దాచింది ఒకటుంది బుడ్డోడా. కోడలు చెప్పినా నా మనసు ఒప్పలేదు. ఆ మర్నాడు నీకు ఫోను చేశాను, గుర్తుందా? వానల గురించి మాట్లాడుతూ ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "నాన్న మెట్ల మీంచి పడ్డారురా, లేవలేకపోతున్నారు" అన్నాను. అబద్ధం. ఆయన ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. నువ్వు నవ్వుతూ, "మంచిదేనమ్మా, అలాగే కానివ్వండి" అన్నావు.

పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి పెట్టేశాను. నాన్న నా మొహం చూసి, చేతిలో కాయ అలాగే పట్టుకుని, "ఏమన్నాడు?" అని అడిగారు. నేను కాయల పళ్ళెం ముందుకు లాక్కున్నాను. ఆయనే అర్థం చేసుకున్నారు. ఆ పూట ఇద్దరం అన్నం ముందు ఊరికే కూర్చున్నాం.

ఇప్పుడు యాంప్ సంగతి. మందకొడి స్పీకరు పీకేశాను. నువ్వడిగిందంతా చేశాను. కొంచెం పవరుకే గట్టిగా పలికే స్పీకరు పెట్టాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు వేశాను. పవరంతా తినేసే బేస్ స్వరాలను కాస్త తగ్గించాను. పెట్టె నేల మీదుంటే శబ్దం నీ మోకాళ్ళకు తగులుతుంది గనక, మొహం పైకెత్తి నిలబడేలా వాలు కాళ్ళు బిగించాను. ముప్పాతిక దాకా తిప్పినా స్వరం గాజులా తేటగా వస్తోంది. నేనూ నాన్నా చెవుల్లో దూది కుక్కుకుని విన్నాం.

కోడలికి ఈ మాట చెబితే ఏడ్చింది. "ఇంకా పెంచుకుంటారు అత్తయ్యా" అంది.

"పెంచుకోవచ్చు" అన్నాను. "కానీ నువ్వు చేసిన పనివల్ల వాడికి తప్పు పెట్టడానికి ఒక పెట్టె దొరికింది. పెట్టెలో నిజంగానే లోపం ఉంది కాబట్టి చెవిని అనుమానించాల్సిన అవసరం వాడికి రాలేదు. ఇకమీదట పెట్టెలో ఏ లోపమూ లేదు. వాడికి వంక లేదు."

నువ్వు ఆమె మీద కోప్పడకు. మొగుడితో పోట్లాడి ఓడిపోయిన మనిషి ఇంకేం చేస్తుంది? పాటగాడి మీదా వద్దు. ఈ ఉత్తరం తెచ్చిస్తున్నది అతనే. ఈసారి టీ తాగి, కళ్ళలోకి చూసి మాట్లాడాడు. నీ చెవుల సంగతి తేలేదాకా కచేరీలు ఒప్పుకోనన్నాడు, నీ చోట్లో ఇంకొకరిని పెట్టుకోనన్నాడు.

యాంప్ అతని వ్యానులో పంపలేదు, నా చేత్తోనే ఇవ్వాలని ఉత్తరం వెనకే బస్సులో దాన్ని తీసుకుని వస్తున్నాను. చెవి డాక్టరు దగ్గర కోడలు వేళ అడిగి పెట్టింది. పోయింది తిరిగి వస్తుందని నేను అబద్ధం చెప్పను. నాకు తెలియదు. ఉన్నది నిలుస్తుందేమో డాక్టరు చెబుతాడు. భయపడుతున్నావని తెలుసు. వాయించకుండా నువ్వేమవుతావో అని నాకూ భయంగానే ఉంది.

కోపం వస్తే నన్ను తిట్టు. ఎదురుగా కూర్చుని తిట్టు. నా మాట వినిపించకపోతే ఊరికే తల ఊపకు, మళ్ళీ చెప్పమను. ఎన్నిసార్లయినా చెబుతాను, విసుక్కోను.

ఇట్లు,
బస్సెక్కడానికి సిద్ధంగా ఉన్న
మీ అమ్మ