సరినెమ్ అవ్వ గురించి మేం ఒకరితో ఒకరం అనుకోని మాట

అమ్మా, నేను క్షేమం, కంగారుపడకు.

డాక్టరు చదివేవాళ్లనీ, నర్సింగ్ వాళ్లనీ, ఫార్మసీ వాళ్లనీ కలిసి పనిచేయడం నేర్చుకోమని ఒకే జట్టుగా ఈ కొండపల్లెకు పంపారని రాశాను కదా. మేం రోజూ చూసే సరినెమ్ అవ్వ మంగళవారం కడుపులో రక్తం పోయి చనిపోయింది.

ఆమె నొప్పి మాత్రలు వేసుకుంటోందని డాక్టరు చదివే బగస్కారకు తెలుసు. సంతలో కొన్న నాటుమందు సీసాలు ఆమె మంచం కింద ఉండటం ఫార్మసీ పిల్ల నింగ్రుమ్ చూసింది. దొడ్డికి నల్లగా అవుతోందని అవ్వ నాతో చెప్పింది. నేను బగస్కారతో అనబోతే, "సిస్టరమ్మా, నువ్వు బీపీ రాసుకో, జబ్బు సంగతి నేను చూసుకుంటాలే" అని నవ్వాడు. నాకు రోషం వచ్చి నోరు మూసుకున్నాను.

మా జట్టుకు నేర్పే సుమర్ని మేడం మా ముగ్గురినీ కూర్చోబెట్టి ఎవరికి తెలిసింది వాళ్లను చెప్పమన్నారు. చెప్పడం అయ్యేసరికి బగస్కార ఏడుస్తున్నాడు. "ఆ మాత్రలూ నాటుమందూ కలిసి కడుపులో పుండు చేశాయి, నల్లగా పోయింది ఆ రక్తమే. ఇదే మాట సోమవారం అనుకునుంటే ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లం కదర్రా" అన్నారు మేడం. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అవ్వ కూతురు మాకు టీ ఇచ్చి, "మా అమ్మను ఎంతమంది చూసుకున్నారమ్మా" అంటూ నా చేతులు పట్టుకుంది.

నాన్న మోకాళ్లకు ఏ పొడి మింగుతున్నాడు? మాత్రలు కూడా వేసుకుంటున్నాడా? దొడ్డికి ఎలా అవుతోందో అడుగు, సిగ్గుపడితే నామీద ఒట్టని చెప్పు. మందులన్నీ సంచిలో వేసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. నర్సుతో చెప్పింది డాక్టరు చెవిన కూడా పడేదాకా అక్కడినుంచి కదలకు.

చెల్లికి ముద్దులు.
నీ వెనింగ్