చేదు తగిలితే మెరిసేది

ఆగస్టు 3
ఇవాళ మెరిసింది. నీళ్ళలో చేదు మందు కలిపిన కాసేపటికి, నీలి లైటు కింద ఈస్ట్ పచ్చగా మెరిసింది. పోటీకి మా ప్రాజెక్టు ఇదే, నీళ్ళలో విషపు చేదు ఉంటే పట్టిచ్చే ఈస్ట్. నెలల తరబడి నానా తంటాలు పడ్డాం. తీరా మెరిశాక లైటు ఆపేసి ఎవరి గదికి వాళ్ళం వెళ్ళిపోయాం.

ఆ ఈస్ట్‌లో ఉన్నది పిచ్చుక జీన్, అంటే మేం పిచ్చుకా అని పిలిచే మా టీమ్ పిల్లది. నాలుక మీద చేదును పట్టే జీన్. మార్చిలో శాంపిల్ ఎవరిది తీసుకోవాలా అని మేం తర్జనభర్జన పడుతుంటే, నాకంటే చేదు పడనివాళ్ళు ఎవరున్నారే అంటూ తనే బుగ్గ లోపల దూదిపుల్లతో గీకి ఇచ్చింది. జూన్‌లో పిచ్చుకను బస్సు గుద్దింది. అక్కడికక్కడే పోయింది.

ఆగస్టు 5
మళ్ళీ మెరిసింది. చేదు వేయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆగస్టు 9, మధ్యాహ్నం
చేదు ఏమీ వేయని ఫ్లాస్కు కూడా మెరిసింది. సరిగ్గా కడిగి ఉండరు అన్నారు మా ల్యాబ్ మేడమ్. కడిగింది నేనే. ఒకటికి రెండుసార్లు కడిగాను.

ఆగస్టు 14
పోటీ రూల్స్ ప్రకారం మనిషి శాంపిల్ అయితే ఆ మనిషి సంతకం ఉండాలట. మన పిచ్చుకే కదా అని మేం అడగనే లేదు. ఇప్పుడు వాళ్ళమ్మ ఒప్పుకోవాలని మేడమ్ అన్నారు. కాదంటే ఈస్ట్ మొత్తాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టి, ఆ ఆవిరి వేడికి చంపేయాలి. ఇక పోటీ ఉండదు. ఆంటీతో మాట్లాడే పని నా నెత్తిన పెట్టారు.

ఆగస్టు 17
ముందు చూడనివ్వమ్మా అని ఆంటీ తనే ల్యాబ్‌కి వచ్చారు. ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుని, ఇది బతికే ఉందా అని అడిగారు. బతికే ఉందన్నాను. చేదు వేసి చూపించాను. మెరిసింది. చిన్నప్పుడు ముక్కు మూసి మందు పోసేదాన్నమ్మా, గుక్కపట్టి ఏడ్చేది అన్నారు.

ఇది పిచ్చుక కాదని, ఒక్క జీనేనని, దీనికి బాధ తెలియదని చెప్పాను. తెలుసు, నేనేం పిచ్చిదాన్ని కాదు అన్నారు. సంతకానికి పెన్ను తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. ఇంకా దానికి చేదు పోస్తామంటే ఊ అనలేనమ్మా, ఏమీ అనుకోకు అని వెళ్ళిపోయారు.

గదికొచ్చి ఏడ్చాను. నిజం చెప్పాలంటే పోటీ కోసమే ఏడ్చాను.

ఆగస్టు 18
రేపు ఆటోక్లేవ్. ఆఖరి ఫ్లాస్కులో పంచదార వేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 19, ఉదయం
నురగ ఫ్లాస్కు మూతిదాకా వచ్చింది. నీలి లైటు కింద పెట్టి చాలాసేపు చూశాను. ఎక్కడా మెరవలేదు. హమ్మయ్య అనుకుని ఆటోక్లేవ్ తలుపు బిగించాను.