అక్క పాస్‌వర్డు

ఖమ్మం, 12-6-2007

తమ్ముడు షాలేమ్‌రాజుకు, ప్రభువు దయవల్ల మీ లిదియక్క మంచిగనే ఉన్నది.

డాక్టరు చీటీ పెట్టి కంప్యూటరు ట్రైనింగు ఎగ్గొట్టుమని రాసినవ్. ఎగ్గొట్ట. దుమ్ముగూడెంల ఇరవై ఆరేండ్ల సంది లైబ్రరీ నడుపుతున్న, ఒక డబ్బాకు భయపడి ఇంట్ల కూసుంటనా?

శనివారం అందరికీ ఈ-మెయిలు తెరిపించిన్రు. "యాభై దాటినోళ్లు పాస్‌వర్డు కాయితం మీద రాసుకోండి, గుర్తుండదు" అన్నడు నేర్పే సారు. నేను రాసుకోలే. నిన్న సోమవారం చూస్తే, రాసుకున్నోళ్లల్ల సగం మంది ఆ కాయితమే ఇంట్ల మర్చిపోయి వచ్చిన్రు. నాది మొదటిసారికే తెరుచుకున్నది. "ఎట్ల గుర్తు పెట్టుకున్నవమ్మా?" అన్నడు సారు. "చచ్చినా మర్చిపోను సారూ" అన్న.

నీ బిడ్డ స్తుతికి జ్వరం తగ్గిందా? తగ్గకుంటే జల్దీ దవాఖానకు తీస్కపో. మీ ఇంట్ల నా గొడుగు మర్చిపోయిన, ఖమ్మం బస్సు కండక్టరుకిచ్చి పంపు.

పాస్‌వర్డు ఏందో ఈ పోస్టుకార్డు మీద రాయను, పోస్టుమాన్ చదువుతడు. పద్దెనిమిదేండ్ల కింద నా లైబ్రరీల నువ్వు తీస్కపోయి ఇయ్యాల్టికీ తెచ్చియ్యని రేడియో రిపేరు పుస్తకం ఉన్నది చూడు, దాని నంబరూ, నువ్వు తీస్కపోయిన తారీఖూ. ఏటా స్టాకు చెకింగుల, పోయిన పుస్తకాల లిస్టుల ఆ రెండూ నా చేత్తోనే రాస్తున్న. గొడుగుతో పాటు ఆ పుస్తకమూ పంపు. పంపినా పాస్‌వర్డు మార్చ.

మరదలికీ, స్తుతికీ దీవెనలు. నీకు పుస్తకం చేరినంక.

అక్క