ఈశాన్యం గుంటలో నాన్న నాణెం

అన్నయ్యకు నమస్కారం.

నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారనుకుంటాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. ఈ పరాయి దేశంలో రోజూ మధ్యాహ్నం వాన. వన్-నార్త్‌లో వార్తల డెస్క్ పని, బుకిట్ పంజాంగ్‌లో ఇల్లు, మధ్యలో రైలు. వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దు.

నాకు కోపంగా ఉంది. ఫోన్‌లో చెప్పబోతే కట్ చేశావు. అందుకే ఇది రాసి, ఫొటో తీసి వదినకు పంపుతున్నాను.

కొత్తింటి శంకుస్థాపనలో నవధాన్యాలతో పాటు నాన్న నాణేన్ని ఈశాన్యం గుంటలో వేశావు. "ఎండిది, లక్ష్మమ్మ బొమ్మున్నది, మంచిదని ఏసిన. తప్పేంది?" అన్నావు.

అది పాతకాలం రోమన్ నాణెం, ఆమె లక్ష్మి కాదు. చేతిలో ఉన్నది తామర కాదు, ఆలివ్ కొమ్మ; రోమన్లకు శాంతి గుర్తు. రెండో చేతిలో రాజదండం. అటు తిప్పితే ఆకుల కిరీటంతో చక్రవర్తి తల, దాని మీద గాటు. లోపలా వెండేనా అని చూడటానికి అప్పటి మన వర్తకులు అలా కోసేవారు. పత్తి చేనులో దొరికినప్పటి నుంచి నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గాటు మీద బొటనవేలు పెట్టి చూపించేవాడు: "చక్రవర్తయితేంది? మనోళ్లు మొఖం కోసి చూసినంకనే తీసుకున్నరు."

అది ఊరి పేరుతో జిల్లా మ్యూజియంలో ఉండాలని ఆయన కోరిక. తీసుకెళ్ళి ఇస్తానని మాటిచ్చింది నువ్వు. నిన్న ఆయన నాతో, "పోనియ్ బిడ్డా, ఇల్లు వానిది" అన్నాడు. ఆ మాటకే నాకు ఇంకా మండింది.

పక్క ఫ్లాట్ సలీం అంకుల్‌ది హైదరాబాద్. పాత నాణేలు సేకరిస్తాడు. సంగతి చెబితే నవ్వాడు. "అరే బేటీ, రోమన్లు గూడ ఓడ కట్టేటప్పుడు తెరచాప స్తంభం కింద నాణెం పెట్టేటోళ్లు. మీ అన్న పక్కా రోమన్ ఉన్నడు!"

నాకు నవ్వు రాలేదు. వాళ్ళు పెట్టింది వాళ్ళ నాణెం. నువ్వు పెట్టింది నాన్నది, ఆయన్ని అడగకుండా.

గుంట మీద ఇంకా ఇటుకలే ఉన్నాయనీ, శుక్రవారం కాంక్రీటు పోస్తారనీ వదిన చెప్పింది. మేస్త్రీని ఆపు. ఇటుకలు తీయించు. బదులుగా బీరువాలో నా వెండి పట్టీలున్నాయి, అవి వెయ్యి. అయ్యగారు ముహూర్తం చెడుతుందంటే నేను మాట్లాడతాను. నాణేన్ని చింతపండుతో తోమించకు. నీళ్ళతో కడిగి నాన్న చేతిలో పెట్టు.

నాన్నకు, చిన్నమ్మకు దండాలు. పిల్లలకు ముద్దులు. ఎవరైనా ఇటొస్తుంటే వదినను కాస్త కారప్పొడి పంపమను.

ఎప్పుడూ చివర్లో నీ ఆశీస్సులు అడుగుతాను. ఈసారి నాణెం బయటికొచ్చాకే పంపు.

నీ చెల్లెలు,
సుజాత