ఆవకట్టె కంచె

జనవరి 5, సోమవారం

పన్నెండేళ్లయింది, తమ్ముడు నర్సయ్య నా కంచెకు నిప్పు పెట్టి. అడగలేదు, చెప్పలేదు. మా ఇద్దరి చేన్ల నడిమి గట్టు మీద నా చేత్తో పెట్టుకున్న కంచె. ఆవాలు దులిపాక మిగిలిన ఎండు ఆవకట్టె. అడవిపందులు రాకుండా మా నాయన కాలం నుంచీ అట్లాగే పెడుతున్నాం. పొద్దున పోయి చూస్తే బూడిద. ఆ రోజు నుంచి మాటల్లేవు. మర్చిపోను.

పోయినేడు మళ్లీ ఆవాలు వేశాను. కట్టె అదే గట్టు మీద పెట్టాను. ఈ యాసంగి పంటకీ ఆవాలే. చూడనీ వాణ్ణి.

జనవరి 9, శుక్రవారం

ఆకుల అడుగున తెల్లటి బుడిపెలు. సున్నం చిలకరించినట్టు. నా భార్య రాజవ్వ ఆకు తిప్పి చూసి — "గిది గప్పటి రోగమే గదా?" నోరు మూసుకోమన్నాను.

జనవరి 12, సోమవారం

జగిత్యాల. వ్యవసాయ ఆఫీసు. సంచిలోంచి ఆకులు, పూగెలలు తీసి బల్ల మీద పోశాను. చిన్న వయసు సారు.

"తెల్ల తుప్పు, తాతా. పోయినేటి కట్టె ఏం జేసినవ్?"

"కంచె పెట్టిన."

కలం కింద పెట్టాడు. "రోగం గా కట్టెలనే దాసుకుంటది. కాలబెట్టాలె. గట్టు మీద పెడితె నీ చేనుకు, పక్క చేనుకు నువ్వే పంచినట్టు."

మందు రాసిచ్చాడు. బస్సులో కూర్చున్నాను. మా ఊరికి రాయికల్‌లో దిగాలి... దిగలేదు. రెండు ఊళ్లు దాటాక కండక్టర్ లేపాడు. నిద్రపోలేదు నేను.

జనవరి 13, మంగళవారం

మందు కొట్టాను. ఉబ్బి మెలిక పడ్డ పూగెలలు — మేక కొమ్ముల్లాగా — కోసి సంచిలో వేశాను. గట్టు అవతల నర్సయ్య ఆవచేనులోనూ అవే కొమ్ములు. నా కంచె పక్కన ఎక్కువ. దూరం పోతే తక్కువ. చూడకుండా ఉంటే బాగుండేది.

జనవరి 19, సోమవారం

ఆ యేడు నిప్పు పెట్టక ముందు నర్సయ్య మూడుసార్లు ఇంటికి వచ్చాడు. "అన్నా, రోగం కట్టెల ఉన్నది. ఇద్దరం కలిసి కాలబెడుదాం." — "నాకు సేద్యం నేర్పుతవారా నువ్వు?" అన్నాను. మూడుసార్లూ అదే మాట.

కంచె కాలాక కులపెద్దలను కూర్చోబెట్టాను. అందరి ముందు నా కాళ్లు మొక్కించాను. మొక్కాడు. లేస్తూ మెల్లగా — "మళ్ల పెట్టకే అన్నా..."

నిప్పు సంగతి ఊరందరికీ చెప్పుకున్నాను ఇన్నేళ్లు. ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

జనవరి 22, గురువారం

కంచె నేనే కాలబెట్టాను. పట్టపగలు. నర్సయ్య తన చేనులో నిలబడి చూశాడు. తలగుడ్డ తీసి దులిపాడు. మళ్లీ చుట్టుకున్నాడు. వెళ్లిపోయాడు.

జనవరి 30, శుక్రవారం

కాయలు పసుపు తిరుగుతున్నాయి. ముప్పాతిక వంతు తిరగగానే కోయాలి. ఆగితే కాయ పగిలి గింజ నేలపాలు. అదీ తెల్లవారుజామున, మంచు మీద కోయాలి.

కూలి ఆడవాళ్లందరూ బీడీలు చుట్టేవాళ్లే. పొద్దున కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి చేనుకు వచ్చేసరికి పది. పోయినేడు ఎండలోనే కోయించాను. కొడవలి తగిలితే చాలు, చిటపట. సగం రాలింది. తమ్ముడి భార్య లింగవ్వ మాట చెబితే వాళ్లు ముందురోజు సాయంత్రమే బీడీలు ఇచ్చేసి మంచులో వస్తారు. నర్సయ్య చేనుకు అట్లాగే వస్తారు.

నా చేనుకు ఎవరు చెప్పాలి?

ఫిబ్రవరి 1, ఆదివారం

పోయాను. పన్నెండేళ్ల తర్వాత ఆ వాకిలి. లింగవ్వ అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏంది బావా, తొవ్వ తప్పి అచ్చినవా?"

"కోతకు రావాలె. మంచు మీద."

"మీ తమ్ముడు ఊఁ అంటె అస్తం."

"కంచె కాలబెట్టిన గదా. చూసిండు గదా."

"చూసిండు." చేతులు ఆగలేదు. "గంతేనా బావా? ఇంకో మాట లేదా?"

లోపల దగ్గు. నర్సయ్యదే. ఇంట్లోనే ఉన్నాడు. నిలబడ్డాను... వచ్చేశాను.

రాజవ్వ — "ఒక్క మాటంటె నీ తల రుమాలు కింద పడ్తదా?"

ఫిబ్రవరి 2, సోమవారం

తప్పు నాది.

రాయగలిగాను. నోటికి రావడం లేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

కాయ నలిపి చూశాను. గింజ గట్టిపడింది, రంగు తిరిగింది. గురువారం దాటితే చేను ఉండదు. వాడిదీ అంతే. ఒకే వారం విత్తాం.

రాజవ్వతో కబురు పంపాను. ఒక్క మాట కూడా మింగకుండా చెప్పమన్నాను —

"నువ్వు అగ్గి పెట్టుడు తప్పు గాదు. నిన్ను కాళ్లు మొక్కించుడు తప్పు. నాది. గురువారం మంచు మీద కోత. మొదలు నీ చేను. నేను కొడవలి పట్టుకొని అస్త. అటెన్క నా చేను, వీలైతె. రమ్మంటవో వద్దంటవో, రేపు బుధవారం దీపాల యాళ్లకు నాకు జవాబు కావాలె. లింగవ్వతోని గాదు. నువ్వే అచ్చి చెప్పాలె."