బతికున్నవాడికి వచ్చిన సంతాపం

పాప్లర్ క్రాసింగ్,
సస్కాచువాన్, కెనడా.

పాఠశాలల డైరెక్టరు శ్రీ గార్నెట్ లిండ్‌స్ట్రాం గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదకొండో తరగతి విద్యార్థి తిమ్కో డానిల్యుక్ సజీవుడై ఉన్న సంగతిని ధ్రువపరచుట, అతని సహపాఠుల భోజనపు బల్లను తిరిగి అనుమతించుట గురించి.

నా పేరు లేస్యా హ్రిచుక్. అయిదుగురు అక్కచెల్లెళ్లలో పెద్దదాన్ని. నాతో ఒకే ఇంట్లో ఉండే మా కడగొట్టు చెల్లెలు హాల్యా కొడుకే పై తిమ్కో. క్లుప్తంగా రాస్తాను. తమరు పొడుగాటివి చదవరని విన్నాను.

1. మావాడు గే. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు, చదవడానికి తమకు ఉండనక్కర లేదు. జనవరి నెలాఖరున స్కేటింగు మైదానం దగ్గర వాడు పక్క ఊరి కుర్రవాడి చెయ్యి పట్టుకొని నిలబడి ఉండగా ఎవరో ఫోనుతో ఫోటో తీశారు. చీకటి పడేలోగా అది బడిలోని ప్రతి ఫోనుకూ చేరింది, కింద రాయరాని మాటలతో సహా. హాల్యా వెళ్లి అడిగితే హెడ్మాస్టరు ఫాల్క్ గారు, "బడి వదిలాక జరిగింది కదమ్మా, మా పరిధిలోకి రాదు" అని సెలవిచ్చారు. అదే వారం వారు, గే పిల్లలకు బడి అండగా ఉందని చెప్పే ఇంద్రధనుస్సు పోస్టరు పక్కన నిలబడి ఫోటో దిగి, బడి పేజీలో పెట్టించారు. ఫోటోలో పోస్టరు బాగా వచ్చింది.

2. తిమ్కో బడి మానేశాడు. వాడి తరగతి పిల్ల రోవెన్ మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"ఎన్నాళ్లు దాక్కుంటావురా?"

"వాళ్ల ఫోన్లు పాడయ్యేదాకా."

"మా నాయనమ్మ టర్కీ కోడిని కాల్చే మూకుడు తెస్తా. మన బల్ల దగ్గర కూర్చోవాలంటే ఎవడైనా సరే ఫోను అందులో పడేసి మూత పెట్టాలి. నిన్ను ఫోటో తీసేవాడు ఉండడు. వచ్చి తిను, చాలు."

"ఫోన్లు లేకుండా ఏం మాట్లాడుకుంటారే?"

"ఏమో. మేమూ మర్చిపోయాం."

మొదటిరోజు ఆలుగడ్డల గురించి మాట్లాడుకున్నారట. తరువాత ఫోటోను నలుగురికీ పంపినవాళ్లలో ఒకడు వచ్చి, ఫోను మూకుడులో వేసి, "నేనూ పంపాను" అన్నాడట. "తెలుసు. కూర్చో. ఆ రొట్టె ఇటివ్వు" అన్నదట రోవెన్. తమ శాఖ ఇన్ని సదస్సులు పెట్టింది. ఇంత పని ఏ సదస్సులోనూ జరిగినట్టు నేను వినలేదు.

3. మా ఉక్రెయిన్ వాళ్ల ఇళ్లలో క్రిస్మస్ ముందు సాయంత్రం బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెడతాం. రొట్టెలో కొవ్వొత్తి గుచ్చుతాం. ఆ కంచం పోయినవాళ్లకూ, దారిలో ఉన్నవాళ్లకూ. మొన్నటి పండక్కి రోవెన్ మా ఇంట్లోనే తిన్నది. అందుకని తిమ్కో వచ్చేదాకా ఆ పిల్లలు రోజూ వాడి చోట ఖాళీ కంచం పెట్టి, రొట్టెలో వెలిగించని కొవ్వొత్తి నిలబెట్టారు. వాడు ఇంటి దగ్గర కూర్చుని, "ఇవాళ కూడా పెట్టారటా పెద్దమ్మా?" అని అడిగేవాడు. గురువారం వెళ్తానని తల్లితో అన్నాడు.

4. బుధవారం ఎవరో ఆ బల్లను ఫోటో తీసి ఫాల్క్ గారికి పంపారు. వారి గదికీ భోజనశాలకూ మధ్య ఒక తలుపు ఉంది. వారు తలుపు తీయలేదు, ఫోను చూశారు. ఖాళీ కంచం, కొవ్వొత్తి, ఫోన్లు లేకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న పిల్లలు. ఈ కాలంలో పిల్లలు అలా కూర్చోవాలంటే ఎవరో చచ్చిపోయి ఉండాలని వారికి తోచింది. తల్లిదండ్రులందరి ఫోన్లకూ సందేశం వెళ్లింది: "మన ప్రియమైన విద్యార్థి తిమ్కోను కోల్పోయినందుకు చింతిస్తున్నాము."

హాల్యా ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. అక్కడ నిలబడి చదివింది. ఇల్లు ఎలా చేరిందో దానికే తెలియదు. వాడు వంటింట్లో జాము రాసుకొని రొట్టె తింటున్నాడు. చెంప మీద ఒకటి కొట్టి, వాణ్ణి పట్టుకొని నేల మీద కూలబడింది.

"ఏంటమ్మా! రొట్టె నీకూ ఉంచానే!"

ఎదురింటావిడ కూర గిన్నెతో పరామర్శకు వచ్చింది. తలుపు తీసింది వాడే. గిన్నె పగిలింది.

గురువారం వాడు బడికి వెళ్లలేదు. "చచ్చినవాణ్ణి చూడ్డానికి మళ్లీ ఫోన్లు తీస్తారు" అని పడుకున్నాడు. వాడు ఈ ఏడు బడికి దూరమైతే ఇక వెళ్లడు. నా మనవి అంతా ఇందుకే.

5. శుక్రవారం బల్లను నిషేధించారు. విద్యార్థులు గుంపుగా కూర్చోవాలంటే బడి యాప్‌లో నమోదై, కూర్చున్న ప్రతిసారీ ఎవరి ఫోనులో వారు హాజరు వేసుకోవాలట. ఫోన్లు పక్కన పెట్టడానికి ఫోను కావాలన్నమాట. దీన్ని ఆలోచించినవారికి జీతం ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను.

మేం అక్కచెల్లెళ్లం తమ కార్యాలయానికి వచ్చాం. తమరూ అక్కడే ఉన్నారు. ఫాల్క్ గారు నాతో, "మీరు రోజూ చర్చికి వెళ్లేవారు. ఈ పిల్లల సంగతి మీకు నేను చెప్పాలా?" అన్నారు. నన్ను వారి పక్షం అనుకున్నారు పాపం.

"దేవుడు వాణ్ణి నా ఒళ్లో పెట్టినప్పుడు షరతులేమీ చెప్పలేదు. వాడు చావలేదని అందరికీ సందేశం పంపండి" అన్నాను.

"దానికి డైరెక్టరు గారి అనుమతి కావాలమ్మా."

"చచ్చాడనడానికి అక్కర్లేదా?"

"అది అత్యవసరం."

అప్పుడు తమరు తల వంచుకొని ఉన్నారు. ప్రార్థిస్తున్నారనుకొని నేనూ తల వంచాను. ఫోను మీద తమ బొటనవేలు కదలడం చూశాక ఎత్తాను.

కావున నేను కోరునది: తిమ్కో బతికే ఉన్నాడని, పొరపాటు బడిదేనని అందరికీ తెలియజేయవలెను. సోమవారానికి ఆ బల్ల ఆ పిల్లలకు ఇవ్వవలెను. తమరిద్దరూ ఒక్క పూట ఫోన్లు మూకుడులో వేసి వాళ్ల పక్కన కూర్చోవలెను. మాటలు రాకపోతే ఆలుగడ్డలతో మొదలుపెట్టవచ్చును.

తమ ఇద్దరి కోసం ప్రార్థన చేశాను. చిన్నదే. పెద్దదానికి మనసు రాలేదు.

వేరొకరిచేత సారాంశం రాయించుకొనక, స్వయముగా చదివి చిత్తగించవలెను.

నిన్నటివరకు తమ విధేయురాలు,
లేస్యా హ్రిచుక్

తా.క. సంతకం చేస్తుండగానే హాల్యా ఫోనుకు తమ సందేశం వచ్చింది: "మునుపటి సంతాప సందేశాన్ని పట్టించుకోవద్దు. సోమవారం భోజనంలో పిజ్జా." తిమ్కో అది చదివి పొట్ట పట్టుకొని నవ్వాడు. ఆ ఫోటో వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో ఆ నవ్వు వినలేదు. తరువాత లోపలికి వెళ్లి తెల్ల చొక్కా తెచ్చి నా ముందు పడేశాడు.

"ఇస్త్రీ చెయ్యి పెద్దమ్మా. చచ్చి లేచి వెళ్తున్నా, ముడతలతో బాగోదు."

చొక్కా ఇస్త్రీ చేశాను. బల్ల సంగతి మీరు చూడండి.