నూట ముప్పై కాదు, నూట ఎనభై

అమ్మడూ, మీ నర్సింగు కాలేజీ తలుపులు తీసిన నాటి నుంచీ నా అంత బుద్ధిమంతుడైన పేషెంటు మీ మేడములకు కూడా దొరికి ఉండడు.

అన్నం మీద మూత పెట్టాను, డ్యూటీ నుంచి రాగానే తిను. పరీక్ష కోసం నా బీపీ మీద నువ్వు రాసిన కేసు పుస్తకం మాత్రం రేపు మేడమ్ చేతికి ఇవ్వకు. ఈ వారమంతా బీపీ చార్టులో నూట ముప్పై అని వేసింది నేను. మిషను చూపించింది నూట ఎనభై. "తాతయ్యా, నీ బీపీ తగ్గితేనే నా ఫైనలియర్ గట్టెక్కేది" అని నువ్వు గడ్డం పట్టుకుంటే, మిషను మాట వింటానా, మనవరాలి మాట వింటానా? పైన బుద్ధిమంతుడు అన్నది కొట్టెయ్.

ఇవాళ మొదటిసారి కళ్ళు తిరిగాయి. అప్పట్నుంచి కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంది. పక్కింటి టైలరు స్కూటరు మీద ఆసుపత్రికి పోతున్నాను. నువ్వు అసలు అంకెలే రాయి. మార్కులు పోతాయనిపిస్తే రోగి అబద్ధాలకోరని ఒక లైను చేర్చు, అదీ రోగలక్షణమే. టైలరు హారను ఆపడం లేదు, వెళ్తున్నా.

మర్చిపోయాను. ఇవాళే మొదటిసారి అన్నది నా కల్పన. మూడు రోజులైంది తల్లీ.